రొయ్యకు రక్తం లేదన్న పంతులు

రొయ్యకు రక్తం ఉండదని నేను పిల్లలకు పాఠం చెప్పాను. ఏదో మాటల్లో నోరు జారడం కాదు. బల్ల మీద బెత్తం ఆనించి, గొంతు సవరించుకుని, ‘రాసుకోండి’ అని మరీ చెప్పాను. ఎక్కడా? పశ్చిమ గోదావరిలో, వరిచేల కంటే రొయ్యల చెరువులే ఎక్కువగా కనబడే ఊళ్లో. ఎవరికీ? తెల్లారకుండా లేచి చెరువుగట్టు మీద మేత బస్తాలు మోసి, స్నానం చేసి బడికొచ్చే పిల్లలకు. వాళ్లలో ఒక్కడూ నవ్వలేదంటే అది నా మీద గౌరవమో, మార్కుల మీద భయమో ఇప్పటికీ తేలలేదు.

నా తర్కం పుట్టింది వంటింట్లో. చేపను కోస్తే చేతులు ఎర్రబడతాయి. కోడి సంగతి చెప్పనక్కర్లేదు. రొయ్యలు వలిస్తే మాత్రం పళ్లెంలో నీళ్లలాంటి జిగురు తప్ప ఎరుపు చుక్క కనబడదు. ఎరుపు లేదు కనక రక్తం లేదు. పదో తరగతి పుస్తకంలో ‘ప్రసరణ – పదార్థ రవాణా వ్యవస్థ’ అని ఏకంగా ఒక పాఠమే ఉండేది. దాన్ని అంత బాగా చెప్పేవాడు మా మండలంలో లేడని నాకు ఓ నమ్మకం. మేక గుండె తెప్పించి, బల్ల మీద కోసి, కర్ణికలివి, జఠరికలివి అని చూపిస్తుంటే వెనకబెంచీ వాళ్లు కూడా ముందుకొచ్చి నిలబడేవారు. అలాంటి చప్పట్లు అలవాటైన మనిషికి తనకు తెలియనిది ఒకటుందన్న అనుమానం అంత తొందరగా రాదు.

ఓ ఆదివారం మా ఆవిడ రొయ్యలు బాగుచేస్తోంది. వీపు మీద గాటు పెట్టి నల్లటి దారం లాంటిది లాగి పారేస్తారు కదా, దాన్ని మా ఇంట్లో నరం అనే అంటారు. నేను పక్కన పీట వేసుకుని కూర్చుని, అది గుండె దగ్గర్నించి తోకదాకా వెళ్లే రక్తనాళమనీ, ప్రాణం పోయాక లోపలిది గడ్డకట్టి నల్లబడుతుందనీ వివరించాను.

“రొయ్యకు రక్తం లేదని మీరే కదండీ చెప్పారు?” అంది.

“మంచి రక్తం లేదు. చెడు రక్తం ఉంటుంది” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

ఆవిడ ఆ నరాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది. “గుండె నుంచి వచ్చేదాంట్లో ఇసక ఎందుకుంటుందండీ?”

“ఇసక కాదు, లవణాలు.”

ఆవిడ ఇంకేమీ అనలేదు. అది ఒప్పుకోవడం అనుకున్నాను. కాదని ఇప్పుడు తెలుసు. ఆ నల్లదారం రొయ్య పేగు. అందులో నలిగింది అది తిన్న బురద, మేత, ఇసక. గుండె వీపు మీద లేదు, తోకలో అసలే లేదు. తలను కప్పే పెంకు కింద, వెనకవైపుగా ఉంటుంది. మొప్పలూ అదే పెంకు కింద, రెండు పక్కలా ఉంటాయి. అంటే నేను గుండె గురించి ఉపన్యాసం ఇస్తున్నంతసేపూ ఆ గుండెలన్నీ తలకాయలతో పాటు పెరట్లో పిల్లి ముందున్నాయి.

ఆ పూట అంతటితో ఆగినా బావుండేది. కూర ఉడికాక రొయ్యలు ఎర్రగా కనబడేసరికి ‘చూశావా, దాగున్న రక్తం వేడికి పైకి వచ్చింది’ అన్నాను. పొద్దున లేదన్న రక్తాన్ని మధ్యాహ్నానికి గిన్నెలో చూపించాను. నిజానికి ఆ ఎరుపు పెంకులో ఉండే ఆస్టాజాంథిన్ అనే రంగుది. బతికుండగా అది ఒక ప్రోటీన్‌ను అంటుకుని నీలం బూడిద మధ్యలో కనబడుతుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోతే అసలు రంగు బయటపడుతుంది. రక్తానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

నన్ను నిలబెట్టి కడిగింది మాత్రం ఓ ల్యాబులో పనిచేసే పాతికేళ్ల అమ్మాయి. కడిగినట్టు ఆ అమ్మాయికి తెలియదు. 2009లో వనామీ రొయ్యకు అనుమతి వచ్చాక మా వైపు చెరువుల జోరు పెరిగింది. మా బావమరిది రెండు చెరువులు కౌలుకు తీసుకున్నాడు. కొంత డబ్బు నేనూ పెట్టాను, డబ్బుతో పాటు సలహాలూ పెట్టాను. ఓసారి రొయ్యలు నలతగా ఉన్నాయని నాలుగు బతికున్నవి నీళ్లలో వేసుకుని ల్యాబుకు వెళ్లాం. ఆ అమ్మాయి ఒకదాన్ని వెల్లకిలా పట్టుకుని, తోక మొదట్లో సన్నటి సూది గుచ్చి, ఏదో తేటగా ఉన్నది సిరంజిలోకి లాగింది. గాజుపలక మీద చుక్క వేసి సూదిమొనతో కదుపుతూ చూస్తోంది.

“ఆ నీళ్లు ఎందుకమ్మా?” అన్నాను.

“నీళ్లు కాదండీ, రక్తం. ఒంట్లో బావుంటే చప్పున గడ్డకడుతుంది. జబ్బు చేస్తే ఇదిగో, ఇలా పల్చగానే ఉండిపోతుంది.”

ఆ క్షణంలో ‘అలాగా, నాకు తెలియదమ్మా’ అంటే నష్టపోయేదేమీ లేదు. “తెలుసులే, నీకు తెలుసో లేదోనని అడిగాను” అన్నాను. మా బావమరిది దగ్గు వచ్చినట్టు తల తిప్పుకున్నాడు. ఆ పిల్ల నన్ను ఏ శాస్త్రవేత్తో అనుకుని లేచి కుర్చీ వేసింది. ఆ కుర్చీలో కూర్చోవడానికి కూడా సిగ్గుపడలేదు నేను.

ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, డిగ్రీ నాటి పుస్తకాలు దించి చూశాను. అన్నీ ఉన్నాయి. నేను చదివి మార్కులు తెచ్చుకున్నవే. రొయ్య రక్తంలో ప్రాణవాయువును మోసేది హీమోసయనిన్. మన హీమోగ్లోబిన్‌లో ఇనుము చేసే పని అక్కడ రాగి చేస్తుంది. ప్రాణవాయువు పట్టుకున్నప్పుడు లేత నీలం, వదిలేశాక రంగే ఉండదు. మనకైతే ఆ మోసే సరుకు ఎర్రకణాల్లో కూరి ఉంటుంది. రొయ్యలో అది నేరుగా ద్రవంలోనే కరిగి ఉంటుంది. పీతకూ, ఆక్టోపస్‌కూ కూడా ఈ నీలి రక్తమే. ఆక్టోపస్‌కు గుండెలు మూడు. రెండు మొప్పలకు తోస్తాయి, ఒకటి ఒంటికి తోస్తుంది. అంత ఏర్పాటు చేసుకున్న ప్రాణిని కూడా ఎర్రగా లేదని నేను రక్తహీనుల జాబితాలో వేసేవాణ్నే.

‘వివృత ప్రసరణ’ అని పరీక్షకు రాసిన మాట కూడా నాకు అర్థమైంది ఆ రాత్రే. అప్పటిదాకా నా బుర్రలో దాని బొమ్మ, సంచిలో పోసిన నీళ్లు. కానీ రొయ్య గుండె నుంచి ధమనులు బాగానే బయల్దేరుతాయి. కొమ్మలు కొమ్మలుగా చీలి సన్నబడతాయి. మనలో అయితే ఆ సన్నటివి రక్తకేశనాళికలై, మళ్లీ సిరలై, ఎక్కడా బయటపడకుండా గుండెకు తిరిగొస్తాయి. రొయ్యలో చివర తెరుచుకుని రక్తం కణజాలం మధ్యనున్న ఖాళీల్లోకి వచ్చేస్తుంది. మా డెల్టాలో నీళ్లు కాలువలోంచి పంటబోదెలోకి, బోదెలోంచి మడిలోకి వదులుతారు. మడిలో పడ్డాక దానికి గొట్టం ఉండదు, గట్టు ఉంటుంది. వరిమొక్క వేళ్లు ఆ నీళ్లలోనే నిలబడి తాగుతాయి. మిగిలింది పల్లంలోకి జారి మురుగుకాలువ పట్టుకుంటుంది. రొయ్య కండరాలూ అలాగే రక్తంలో నిలబడి కావలసింది తీసుకుంటాయి. ఆ రక్తం కడుపువైపున్న మడుగులోకి చేరి, మొప్పల్లోకి ఎక్కి, అక్కడ ప్రాణవాయువు నింపుకుని గుండె చుట్టూ ఉన్న తిత్తిలోకి వస్తుంది. గుండె గోడకున్న చిన్న రంధ్రాలు తెరుచుకుని దాన్ని లోపలికి తీసుకుంటాయి. ఏ మాత్రం అడ్డదిడ్డంగా లేదు. మేతలోంచి తీసిన పోషకాలు, కుబుసం విడవమని చెప్పే హార్మోన్లు, రోగంతో పోరాడే కణాలు, విసర్జించాల్సిన మలినాలు అన్నీ ఆ మడుగుల మీదుగానే ప్రయాణం చేస్తాయి.

ఇది తెలిసే ముందు నేను చేసిన అసలు ఘనకార్యం చెప్పాలి. అప్పటికింకా ల్యాబుకు వెళ్లలేదు. మా బావమరిది ఏదో పెళ్లికి వెళ్తూ చెరువులు రెండు రోజులు నన్ను చూడమన్నాడు. రాత్రిళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతుంటే కరెంటు బిల్లు గుండెల్లో తిరుగుతోంది నాకు. కాపలా ఉండే పెద్దాయనను పిలిచి, అర్ధరాత్రి నుంచి ఆపేయమన్నాను.

“తెల్లారగట్ట డీవో పడిపోద్దండి పంతులుగారూ” అన్నాడు.

డీవో అంటే నీళ్లలో కరిగిన ప్రాణవాయువు. పగలు చెరువులోని నాచు, ప్లాంక్టన్ ఎండకు దాన్ని తయారుచేస్తాయి. రాత్రి అవి కూడా రొయ్యలతో పాటు పీల్చుకుంటాయి. అందుకే పొద్దుపొడిచే ముందు అది అట్టడుగుకు పోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రైతుకు నిద్ర పట్టదు. ఇదంతా ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. కానీ నా దగ్గర సిద్ధాంతం ఉంది. రొయ్యకు రక్తం లేదు. ప్రాణవాయువును మోసేదే రక్తం. మోసేది లేనప్పుడు మోయించుకునే అవసరమూ తక్కువే. కనక చేపకు కావలసినంత గాలి రొయ్యకు అక్కర్లేదు. ఇదంతా ఆయనకు ఓపిగ్గా చెప్పి, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను.

తెల్లారి వెళ్తే చెరువు ప్రశాంతంగా ఉంది. ఒక్క రొయ్య పైకి తేలలేదు. నా సిద్ధాంతం రుజువైందని ఊళ్లో ఇద్దరు ముగ్గురు రైతులకు చెప్పేశాను కూడా. పెళ్లి నుంచి వచ్చిన బావమరిది అసలు సంగతి చెప్పాడు. నేను వీధి మలుపు తిరగ్గానే పెద్దాయన మళ్లీ స్విచ్చులు వేశాడట. ‘పంతులుగారికి ఎదురు చెప్పడం బాగోదని ఊరుకున్నానండి’ అన్నాడట. నా మాట విన్న ఆ రైతుల దగ్గరికి అదే పూట సైకిలేసుకుని పరిగెత్తాను. వాళ్లెవరూ ఆపలేదు. పంతుళ్ల మాట మీద కరెంటు ఆపేటంత అమాయకులు కారు వాళ్లు.

అసలు లెక్క నా సిద్ధాంతానికి సరిగ్గా తలకిందులు. మన రక్తం 100 మిల్లీలీటర్లు దాదాపు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. అందులోంచి హీమోగ్లోబిన్ తీసేస్తే, ఉత్త ద్రవంలో కరిగేది 0.3 మిల్లీలీటర్లే. రొయ్య నీలి రక్తం ఆ ఉత్త ద్రవం కంటే ఎక్కువే మోస్తుంది గానీ, మన రక్తం మోసేదాంట్లో చిన్న వంతే. అంటే దాని దగ్గర నిల్వ తక్కువ. నీళ్లలో గాలి తగ్గితే ఎన్నో చేపలకంటే ముందు అది ఇబ్బంది పడుతుంది. కుబుసం విడిచే రోజుల్లో మరీను. అమావాస్యకూ పౌర్ణమికీ రైతులు ఏరియేటర్ల దగ్గర కాపలా కూర్చునేది ఊరికే కాదు.

ఇక్కడ హార్వే సంగతి చెప్పకపోతే నా మూర్ఖత్వానికి పూర్తి కొలత దొరకదు. 1628లో రక్తప్రసరణ మీద విలియం హార్వే రాసిన పుస్తకం ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయింది. అంతకుముందు ప్రాచీన వైద్యుడు గాలెన్ మాట వేదం. కాలేయం తిండిలోంచి రక్తం తయారుచేస్తుంది, ఒళ్లు దాన్ని ఖర్చుపెట్టేస్తుంది, మళ్లీ కాలేయం చేస్తుంది. హార్వే వేసింది చిన్న గుణకారం. గుండె ఒక్కో దెబ్బకు ఎంత తోస్తుందో తక్కువలో తక్కువ వేసుకున్నా, అరగంటలో తోసింది ఒంట్లో ఉన్న మొత్తం రక్తాన్ని మించిపోతోంది. అంత రక్తాన్ని ఏ కాలేయమూ అరగంటకోసారి వండలేదు. కనక అదే రక్తం తిరిగి రావాలి. ధమనుల చివర నుంచి సిరల్లోకి ఎలా దాటుతుందో ఆయనకు కనబడలేదు. ఆయన 1657లో పోయాడు. 1661లో మాల్పీగి కప్ప ఊపిరితిత్తిలో రక్తకేశనాళికలు చూశాడు. ఈ కథ నేను ఏటా చెప్పేవాణ్ని. చెబుతూ 1628 కింద రెండు గీతలు గీసేవాణ్ని.

చెప్పనిది ఒకటుంది, తెలియదు కనక. హార్వే ఆ పుస్తకంలో థేమ్స్ నదిలో దొరికే ఒక చిన్న రొయ్య గురించి రాశాడు. ఒళ్లంతా పారదర్శకం. దాన్ని కొంచెం నీళ్లలో వేసి, లోపల కొట్టుకునే గుండెను స్నేహితులకు చూపించేవాడట. లండన్‌లో రాజవైద్యుడు రొయ్య గుండె చూసి ప్రసరణ గురించి ఆలోచించాడు. రొయ్యల మధ్య బతుకుతూ నేను ఆయన పేరు చెప్పి, ఆ వెంటనే రొయ్యకు రక్తం లేదన్నాను. ఇది చదివాక మా బావమరిది దగ్గరికెళ్లి, చెరువులో వదలడానికి తెచ్చిన సీడులోంచి నాలుగు పిల్లల్ని గాజుగ్లాసులో వేయించుకున్నాను. వెనక టార్చి పెట్టి భూతద్దంలో చూస్తే తల వెనక ఏదో తెగ అదురుతోంది. లెక్కపెట్టబోతే అందలేదు. “ఏం చూస్తున్నావు బావా?” అన్నాడు. “ఏమీ లేదు” అన్నాను. అప్పటికీ నిజం చెప్పబుద్ధి కాలేదు.

రొయ్య సంగతి ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే అది తెలియనితనం. రెండోది తెలిసి చేసింది. బోర్డు మీద నేను మెట్లు గీసేవాణ్ని. కింది మెట్టు మీద చేప, గుండెలో రెండు గదులు. దాని పైన కప్ప, మూడు. ఆ పైన తొండ, జఠరికలో సగం గోడ కనక మూడున్నర. ఆ పైన పక్షి, నాలుగు. అన్నిటికీ పైన ఒక మనిషి, చేతిలో పుస్తకం. ఆ మనిషికి కళ్లజోడు కూడా పెట్టేవాణ్ని. నాకు కళ్లజోడు ఉంది లెండి. కప్ప గుండెలో మంచి రక్తం, చెడు రక్తం కలిసిపోతాయనీ, అది ‘అసంపూర్ణం’ అనీ, ప్రకృతి దాన్ని దిద్దుకుంటూ దిద్దుకుంటూ మన దగ్గరికి వచ్చేసరికి పూర్తి చేసిందనీ చెప్పేవాణ్ని.

ఓ ఏడాది ముందుబెంచీలో ఓ పిల్ల లేచింది. వాళ్లన్నయ్య ఇంటర్ బైపీసీ. “సార్, బొద్దింక గుండెకు 13 గదులట కదా. అది మనకంటే పై మెట్టా?”

క్లాసంతా నవ్వింది. నేను “కూర్చో” అన్నాను. ఆ పిల్ల కూర్చుంది. బడి వదిలాక పిలిచి చెప్పొచ్చు, మర్నాడు చెప్పొచ్చు. చెప్పలేదు, నా దగ్గర జవాబు లేదు. నన్నడిగితే, ఉద్యోగంలో నేను విన్న ప్రశ్నల్లో అదే మంచిది.

బొద్దింకకు 13 గదులు నిజమే. రొమ్ములో మూడు, కడుపులో పది. వీపు కింద పొడుగాటి గొట్టంలా ఉండి, రక్తాన్ని వెనక నుంచి తలవైపుకు తోస్తుంది. కానీ ఆ రక్తం ప్రాణవాయువును మోయదు. దాని ఒంటికి రెండు పక్కలా రంధ్రాలున్నాయి. వాటిలోంచి బయల్దేరిన శ్వాసనాళాలు సన్నబడుతూ కణాల దాకా వెళ్లి గాలిని నేరుగా అందిస్తాయి. రక్తానికి మిగిలింది తిండి, హార్మోన్లు, మలినాల రవాణా. అందుకే తల తెగిన బొద్దింక కూడా కొన్నాళ్లు బతుకుతుంది. రక్తం వేగంగా చిమ్మేటంత ఒత్తిడి లేదు, గాలి పీల్చడానికి నోరూ ముక్కూ అవసరం లేదు. రక్తం చేసే పని కూడా ఒక్క మోతే కాదు. కొత్తగా రెక్కలొచ్చిన పురుగు ముడతలు పడ్డ రెక్కల్లోకి రక్తాన్ని తోసి వాటిని విప్పుకుంటుంది. సాలెపురుగు కాళ్లలో కొన్ని కీళ్లు చాపడానికి కండరమే లేదు, రక్తం ఒత్తిడితోనే చాపుతుంది. చచ్చిన సాలెపురుగు కాళ్లు ముడుచుకుని పడి ఉండేది ఆ ఒత్తిడి పోయినందుకే. ఇదంతా ఆ పిల్లకు చెప్పి ఉంటే ఎంత బావుండేది. (ఈగను కొడితే ఎర్రగా అంటుకుంటుంది కదా, అది రక్తమని కూడా చెప్పాను నేను. అది దాని కంటి రంగు.)

రిటైరయ్యాక తీరిక దొరికి కప్ప దగ్గరికి వెళ్లాను. పుస్తకంలోనే. కప్ప జఠరిక ఒకటే. కానీ దాని లోపలి గోడ గుంటలు గుంటలుగా ఉంటుంది, బయటికి వెళ్లే దారిలో మెలికపెట్టిన మడత ఒకటుంది. రెండు కర్ణికల నుంచి వచ్చే రెండు రక్తాలు నేను చెప్పినంతగా కలిసిపోవు. అదీ పెద్ద విషయం కాదు. కప్ప చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. ఊపిరితిత్తులకు వెళ్లే ధమని కొమ్మే చర్మానికీ వెళ్తుంది. చర్మం దగ్గర ప్రాణవాయువు నింపుకున్న రక్తం తిరిగొచ్చేది కుడి కర్ణికకు. అంటే నేను ‘చెడు రక్తం’ అని నీలం సుద్దతో దిద్దిన గదిలోకే మంచి సరుకూ వస్తోంది. కప్ప నీళ్లడుగున కూర్చుంటే ఊపిరితిత్తుల్లోకి కొత్త గాలి రాదు. అప్పుడు వాటికి రక్తం పంపడం దండగ. గోడ లేదు కనక ఎటు కావాలంటే అటు మళ్లించుకుంటుంది. మనకు ఆ వీలు లేదు. మనలో కుడి జఠరిక ఎంత తోస్తే ఎడమది అంతే తోయాలి, రోజంతా, పడుకున్నా లేచినా. నా మెట్ల బొమ్మలో పైన కూర్చున్న కళ్లజోడు మనిషిని నీళ్లలో ముంచితే కప్ప గుండె విలువ తెలిసేది.

మొసలికైతే నాలుగు గదులూ ఉన్నాయి, గోడ పూర్తిగా ఉంది. మంజీరా మడుగుల్లో ఎండ కాచుకునే మొసలి గుండె లెక్క ప్రకారం నా మెట్ల మీద పక్షి పక్కన కూర్చోవాలి. కానీ దాని కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తుల ధమని ఒక్కటే కాదు, ఒంటికి వెళ్లే ఎడమ మహాధమని కూడా బయల్దేరుతుంది. రెండు మహాధమనుల మధ్య చిన్న కిటికీ ఒకటుంది. 1833లో పానిజా అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు వర్ణించాడు, ఆయన పేరే దానికి. గోడ కట్టుకున్నాక కూడా దారి తెరిచి ఉంచుకుంది. మునిగినప్పుడు రక్తాన్ని ఊపిరితిత్తులు తప్పించి మళ్లించడానికి అది పనికొస్తుంది. కడుపులో ఆమ్లం తయారీకి కూడా ఆ రక్తం తోడ్పడుతుందని కొందరి వాదన. ఇంత చేసిన దాన్ని నేను ‘పక్షికి కాస్త తక్కువ’ అన్నాను.

చేపనైనా వదిలానా? చేప గుండెలోకి వచ్చేది ఎప్పుడూ చెడు రక్తమే, మొప్పల్లో శుభ్రమై అటునించటే ఒంటికి పోతుందని చెప్పాను. చాలా చేపలకు అంతే. ఆ లెక్కన, మొప్పల నుంచి నేరుగా ప్రాణవాయువు నిండిన రక్తం అందుకునే రొయ్య గుండెదే పైచేయి. ఈ సంగతి మెట్ల మీద ఎక్కడ పెట్టాలో తోచదు. కొరమీను చూస్తే మరీ ఇబ్బంది. అది నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది. రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. తలలోని గాలి అరల్లో ప్రాణవాయువు పట్టుకున్న రక్తం సిరల్లో కలిసి గుండెకే వస్తుంది. రెండు గదుల గుండెలో మంచి రక్తమూ చెడు రక్తమూ కలుస్తున్నాయి. చేప కొనడానికి వెళ్లి, కొరమీను బతికుందో లేదో మూతి చూసి చెప్పగలిగిన వాణ్ని, దాని గుండె గురించి పుస్తకం మీద ఆధారపడ్డాను. పుస్తకాన్నైనా సరిగ్గా చదవలేదు.

నా మెట్లకు లొంగనివి ఇంకా ఉన్నాయి. వానపాము రక్తం ఎర్రన, పైగా నాళాల్లోంచి బయటికి రాని బద్ధ ప్రసరణ. హెర్డ్‌మేనియా అనే సముద్రజీవి మనలాగే కార్డేటా వర్గం, కానీ దాని గుండె కాసేపు ఇటు తోసి, ఆగి, కాసేపు అటు తోస్తుంది. అంటార్కిటికాలోని ఐస్‌ఫిష్‌కు వెన్నెముక ఉంది, హీమోగ్లోబిన్ లేదు. రూడ్ అనే నార్వే శాస్త్రజ్ఞుడు 1954లో ఆ సంగతి ప్రకటించాడు. గడ్డకట్టబోయే చలినీళ్లలో ప్రాణవాయువు ఎక్కువ కరుగుతుంది. పెద్ద గుండె, ఎక్కువ రక్తం పెట్టుకుని ఆ కరిగినదాంతోనే నెట్టుకొస్తోంది. వీటన్నిటికీ అడుగున ఉన్న లెక్క ఒకటే. వ్యాపనం ద్వారా ఒక పదార్థం కొద్ది మైక్రాన్ల దూరం చిటికెలో పోతుంది. దూరం పదింతలైతే సమయం నూరింతలు. ఒక మిల్లీమీటరుకే నిమిషాలు పడుతుంది. హైడ్రాకు ఆ బాధ లేదు, ఒళ్లే రెండు పొరలు. ఒళ్లు మందమైన ప్రతి ప్రాణికీ ఏదో ఒక రవాణా కావాలి. ఏం మోయాలి, ఎంత తొందరగా, నీళ్లలోనా గాలిలోనా, ఇవన్నీ బట్టి ఒక్కోటి ఒక్కో ఏర్పాటు చేసుకుంది. నేను అన్నిటి చేతా నా పరీక్ష రాయించి నా మార్కులు వేశాను.

ఇంత చదివాకైనా బుద్ధి వచ్చిందా అంటే, మా మనవరాలి సంగతి వినండి. పిల్ల పుట్టిన కొద్ది రోజులకు డాక్టరుగారు గుండె స్కాన్ తీయించి, కర్ణికల మధ్య చిన్న రంధ్రం ఉందన్నారు. ఆ వెంటనే, ఇది చాలామందికి దానంతటదే మూసుకుపోతుందని కూడా అన్నారట. ఆ రెండో ముక్క నాకు వినబడలేదు. గోడలో రంధ్రం అనగానే నా మెట్లు కళ్ల ముందుకొచ్చాయి. వరండాలోకి వచ్చి, పురిటి మంచం మీదున్న మా అమ్మాయికి వినబడేంత గొంతుతో, “మూడు గదుల గుండె! కప్ప గుండె!” అన్నాను. వియ్యపురాలు కూలబడింది. మా అమ్మాయి ఏడుపు లంకించుకుంది. నేను బంధువులకు ఫోన్లు మొదలుపెట్టాను.

డాక్టరుగారు బయటికొచ్చి, నన్ను కూర్చోబెట్టి, నేను పిల్లలకు చెప్పాల్సిన పాఠం నాకు చెప్పారు. కడుపులో ఉన్న బిడ్డకు ఊపిరితిత్తులతో పని లేదు, ప్రాణవాయువు మాయ నుంచి వస్తుంది. అందుకే కుడి కర్ణిక నుంచి ఎడమ కర్ణికకు ఒక తలుపు ఉంటుంది, ఊపిరితిత్తుల ధమని నుంచి మహాధమనికి ఒక అడ్డదారి ఉంటుంది. రక్తం చాలామటుకు ఊపిరితిత్తులు తప్పించుకుని పోతుంది. బిడ్డ మొదటి ఊపిరి తీశాక ఊపిరితిత్తుల్లోకి రక్తం జోరుగా పారి, ఎడమ కర్ణికలో ఒత్తిడి పెరిగి, ఆ తలుపు మూసుకుంటుంది. అతుక్కోవడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. నలుగురు పెద్దవాళ్లలో దాదాపు ఒకరికి అసలు అతుక్కోనే అతుక్కోదు, వాళ్లలో చాలామందికి ఆ సంగతే తెలియదు. “మీకూ ఉందేమో మాస్టారూ, చూద్దామా?” అన్నారు నవ్వుతూ. మొసలి కిటికీ గురించి నెలల తరబడి చదివినవాణ్ని, అలాంటి ఏర్పాటుతోనే నేనూ తొమ్మిది నెలలు గడిపానని నాకు తట్టలేదు. వద్దులెండి అన్నాను.

తర్వాతి స్కానుకు తలుపు మూసుకుంది. పిల్ల శుభ్రంగా ఉంది. మా అమ్మాయి నాతో పూర్తిగా రాజీపడలేదు. ఇంట్లో అందరూ ఆ పిల్లను కప్పమ్మ అనే పిలుస్తారు. పేరు బావుందే, ఎవరు పెట్టారని వచ్చినవాళ్లు అడిగితే మా అల్లుడు నావైపు చెయ్యి చూపించి, “జీవశాస్త్రం మాస్టారండీ, మామయ్యగారే” అంటాడు.